వానకు తీసిన కొలతలు

ఏ ఊరైనా మొదట నీళ్ళను వెతుక్కుంటూ పోయి కట్టుకున్నదే. తీరా కట్టుకుని, తలుపులు బిగించుకుని, గుమ్మానికి పేరు పలక తగిలించుకున్నాక ఆ నీళ్ళే వెతుక్కుంటూ ఇంటికొస్తే మాత్రం ఎవరికీ గిట్టదు. మొహమాటం లేని చుట్టం లాంటిది వాననీరు. పిలిచినప్పుడు రాదు, వచ్చినప్పుడు కాళ్ళు తుడుచుకోదు. దాన్ని ఏ దారిన సాగనంపాలో తేల్చుకోవడానికి ఊళ్ళకు వందేళ్ళు పడుతుంది. సాగనంపే కాలవకు డబ్బెక్కడిదో తేల్చుకోవడానికి ఇంకో వందేళ్ళు. ఈ లోపల ఎవరో ఒకరు వాన వెలిసిన మర్నాడు వీధివీధీ తిరిగి, నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో చూసి గోడల మీద గీతలు గీస్తూ ఉండాలి. అలా గీసినవాళ్ళ పేర్లు ఎక్కడా చెక్కరు. ఈ కథ అలాంటి ఒకాయనది.

ఆయన్ని అందరూ అంగుళం గారనేవాళ్ళు. నగర కార్యాలయంలో కాలవల విభాగం సర్వేయరు. విభాగమంటే మేడమెట్ల కింద సగం, మెట్ల పక్కన సగం ఉన్న ఒక గది. లోపలికి రావాలంటే తల వంచాలి కనుక పెద్ద అధికారులెవరూ అటు వచ్చేవాళ్ళు కారు. ఆఫీసు లెక్కలన్నీ మీటర్లలోకి మారిపోయి ఎన్నేళ్ళయినా ఆయన నోట అంగుళమే పలికేది. అది కూడా పావుతోనో ముప్పావుతోనో కలిపి. "దాదాపు" అనే మాట ఆయన ముందు ఎవరూ అనేవాళ్ళు కాదు. అంటే, "ఎంత దాదాపు?" అని అడిగేవాడు.

"పెళ్ళిచూపుల్లో కూడా టేపు తీశారటగా?" అని టీ దగ్గర ఆటపట్టించేవాళ్ళు.

"నేను తియ్యలేదయ్యా. ఆవిడే కళ్ళతో కొలిచింది. తనకంటే నేను అర అంగుళం తక్కువ తేలాను. పోనీలెమ్మని చేసుకుంది."

ఆయన పని తీరు ఇది. పెద్ద వాన పడిన మర్నాడు తెల్లవారేసరికి సైకిలెక్కేవాడు. సంచిలో టేపు, నీలం రంగు డబ్బా, సన్నటి కుంచె, నల్ల అట్ట పుస్తకం. ఊళ్ళో ముప్పయ్యొక్క పల్లపు చోట్లు ఎంచుకున్నాడు, ఒక్కో చోటికి పుస్తకంలో ఒక్కో పేజీ. గోడ మీద తడి ఎక్కడిదాకా పాకిందో చూసేవాడు కాదు. నీళ్ళు తీస్తూ తీస్తూ గోడకు అతికించి వదిలిన చెత్త ఉంటుంది చూడండి, పుల్లలు, నురగ, ఎండుటాకు పొడి, సన్నటి దారంలా? దాన్ని చూసేవాడు. "తడి అబద్ధమాడుతుంది, పైపైకి పాకుతుంది. చెత్త గీత అబద్ధమాడదు," అనేవాడు. ఆ గీత దాకా నేల మీంచి కొలిచి, పక్కన నీలం గీత పెట్టి, తేదీ వేసి, పుస్తకంలో ఎక్కించేవాడు.

"వచ్చాడమ్మా, నీళ్ళు పోయాక కొలిచే మహానుభావుడు!" అనేవాళ్ళు ఇళ్ళు కడుక్కుంటున్న ఆడవాళ్ళు. "చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు!"

"నా దగ్గర ఆకులుండవమ్మా, గీతలే. కాస్త ఆ బకెట్టు జరుపుతారా?"

ఇరవయ్యారేళ్ళు ఇలా గడిచాయి. ఆ పుస్తకం ఇమ్మని అడిగిన మనిషి లేడు.

ఆయన పదవీ విరమణకు ఇంకా కొన్ని నెలలుండగా అడిగారు. ఊరంతటికీ వాననీటి కాలవలు వెయ్యాలని ఎట్టకేలకు ఒక ప్రణాళిక కదిలింది. విభాగానికి కొత్త ఇంజనీరమ్మ వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. పొట్టిది కనుక మెట్ల కింద తల వంచక్కర్లేదు. అదే తన అర్హత అని నవ్వేది. ఆవిడ వచ్చిన వారంలో నల్ల పుస్తకం చూసింది. నిలబడే పది పేజీలు తిప్పింది. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది ఇన్నాళ్ళూ ఎక్కడుంది?"

"నా సంచిలో మేడమ్."

"కంప్యూటరులో ఊరు బొమ్మ గీసి ఎన్ని వానలైనా కురిపించగలను అంగుళం గారూ. కానీ అది నిజమని అప్పిచ్చేవాళ్ళు నమ్మాలంటే, నిజంగా పడ్డ వాన ఒకటి చూపించాలి. మీరు ఇరవయ్యారేళ్ళ వాన చేతికిచ్చారు."

ఆ రోజు ఆయన సైకిలు తొక్కకుండా నడిపించుకుంటూ ఇంటికెళ్ళాడు. సంతోషం ఎక్కువైతే కొందరికి బ్రేకులు పనిచెయ్యవు.

డబ్బు సంగతి కొంచెం చెప్పాలి. కాలవలంటే భూమి కింద పోయే గొట్టాలు కనుక వాటికి ఓట్లు పడవు, దాతలు రారు. పార్కుకు పేరు పెట్టుకోవచ్చు గాని మురుగు మూతకు ఎవడు పెట్టుకుంటాడు? అందుకని సగం అప్పు, మిగతా సగం ఇంటిపన్నుతో కలిపి ఏటా కొంచెం వసూలు అని తేల్చారు. అప్పిచ్చే సంస్థ ఒక షరతు పెట్టింది. ఊరంతా ఒక్కసారి కాదు. మొదటి విడతలో తొమ్మిది వీధులకే డబ్బు. అవి ఎవరి పలుకుబడి బట్టీ కాకుండా, నీటి సగటు ఎత్తు పద్దెనిమిది అంగుళాలు దాటిన వీధులు అయ్యుండాలి. రెండో విడత డబ్బు ఎప్పుడొస్తుందో అది వచ్చినప్పుడే తెలుస్తుంది.

బడి హాల్లో సభ పెట్టి, గోడ నిండా పటం పరిచారు. మొదటి విడత వీధులు ఎరుపు, రెండో విడతవి పసుపు.

"వానకు కూడా పన్నా?" అని లేచాడు కిరాణా కొట్టాయన. "రేపు ఎండకు కూడా వేస్తారా?"

"ఎండ మీ కొట్లోకొచ్చి పంచదార బస్తా తడపలేదుగా," అంది ఇంజనీరమ్మ. హాలు నవ్వింది. నవ్విన హాలు సగం ఒప్పుకున్నట్టే.

ఆ నవ్వులో కలవని మనిషి ఒకావిడ పటం ముందు నిలబడి ఉంది. డెబ్బైరెండేళ్ళు. మెడలో దర్జీ టేపు వేలాడుతోంది, తీసి రావడం మరిచిపోయింది. అంగుళం గారి అక్క. వీళ్ళ అమ్మ పోయేటప్పటికి ఈవిడకు పంతొమ్మిది, తమ్ముడికి ఏడు. కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచింది, సర్వే చదివించింది. తనది దర్జీ సందు చివరి ఇల్లు. ముందు గది దుకాణం, వెనక గది సంసారం. ఆ సందులో అన్ని ఇళ్ళూ ఇటుకల మీద బతుకుతాయి. మంచం కోళ్ళ కింద ఇటుకలు, బీరువా కింద ఇటుకలు, మిషను కింద ఇటుకలు. వానాకాలం ఎలా ఉందని అడిగితే "ఈ ఏడు మూడిటుకలు" అని చెప్పుకునే జనం.

పటంలో దర్జీ సందు పసుపు రంగులో ఉంది. పక్కన అంకె: పద్నాలుగుంపావు.

"పద్నాలుగుంపావా," అంది అక్క. అంతే అంది. తమ్ముడి వైపు ఒకసారి చూసి, పటాన్నే ఇంకోసారి చూసి, "రంగు బాగుందిరా. లైనింగుకు పనికొస్తుంది," అని వెళ్ళిపోయింది.

నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటారు. ఇక్కడ నిజం అంగుళం గారికి కూడా తెలుసు.

పుస్తకం మొదలుపెట్టిన రెండేళ్ళకు జరిగింది అది. అప్పట్లో దర్జీ సందులో చిన్న కాలవ వేద్దామని ఒక మాట వచ్చింది. వచ్చీ రాగానే ఒక ఆకాశరామన్న ఉత్తరం కూడా వచ్చింది, 'సర్వేయరు అక్క ఇల్లున్న సందులోనే నీళ్ళెందుకు లోతెక్కుతున్నాయో విచారించగలరు' అని. అప్పటి పై అధికారి పిలిచి, ఉత్తరం చూపించి, "నేను నమ్మననుకో," అన్నాడు. నమ్మననుకో అనే మాట ఉందే, నమ్మాననే మాట కంటే అది లోతుగా దిగుతుంది. కాలవ మాట ఆగిపోయింది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకునేది దొంగలొక్కరే అనుకుంటారు లోకులు. దొంగతనమంటే భయపడేవాడు ఇంకా ఎక్కువ తడుముకుంటాడు.

ఆ ఏడు అక్క ఇంటి గోడ మీద చెత్త గీత ఇరవయ్యొక్క అంగుళాల దగ్గరుంది. ఆయన చాలాసేపు చూశాడు. ఈ చెత్త లారీ పోతే లేచిన అల తాలూకుదై ఉంటుంది, అసలు మట్టం ఇంకా కిందే ఉండుంటుంది అని తనకు తాను చెప్పుకున్నాడు. పదిహేడు రాశాడు. మరుసటి ఏడాది కూడా నాలుగు తగ్గించాడు. తర్వాత అయిదు. ఆ తర్వాత ఏటా ఆరు. మిగతా ముప్పై చోట్ల పావు అంగుళం కోసం పోట్లాడే మనిషి ఈ ఒక్కచోట అంగుళాలకు అంగుళాలు వదిలేశాడు. అదే నిజాయితీ అనుకున్నాడు కూడా. సొంతవాళ్ళకు తక్కువ వడ్డించేవాడే మంచి వడ్డనదారని పేరు కదా!

ఇప్పుడు ఆ వదిలేసిన అంగుళాలన్నీ కలిసి, పటం మీద పసుపు రంగై కూర్చున్నాయి.

సభ అయిన నాలుగో రోజున అప్పిచ్చే సంస్థ తరఫున పరిశీలకుడు దిగాడు. సన్నటి మనిషి, జేబులో మూడు పెన్సిళ్ళు, బుగ్గన పిప్పరమెంటు. నల్ల పుస్తకం పేజీ పేజీ చూసి, చివర్న ఒక కాగితం పెట్టాడు. 'ఇందులోని అంకెలన్నీ నేను స్వయంగా కొలిచి, కొలిచినవి కొలిచినట్టు నమోదు చేసినవి.' కింద సంతకానికి చోటు.

"ఒక్క అంగుళం తేడా ఉండదండీ," అంది ఇంజనీరమ్మ గర్వంగా. "ఆయన పేరే అది."

అంగుళం గారు కలం తీశాడు. మూత పెట్టాడు.

"రేపు చేస్తానండీ. ఒకసారి సరిచూసుకుని."

పరిశీలకుడు పిప్పరమెంటు ఇటు బుగ్గ నుంచి అటు బుగ్గకు మార్చుకుని, "రేపే," అన్నాడు.

అక్క బడిపిల్లల యూనిఫారాలు కుడుతోంది. మధ్యాహ్నపు ఎండ గుమ్మం దాకా వచ్చి ఆగింది. తమ్ముడు వేళకాని వేళ వచ్చినా ఆవిడ కాలు పెడలు మీంచి తియ్యలేదు.

"అక్కా, నేనొక తప్పు చేశాను."

"ఒకటేనా? కూర్చో. ఆ స్టూలు మీద కాదు, దాని కింద ఇటుక కదులుతోంది."

ఆయన నిలబడే చెప్పాడు. ఉత్తరం, అధికారి, లారీ అల, నాలుగు, అయిదు, ఆరు. మిషను చప్పుడు ఎక్కడో మధ్యలో ఆగింది.

"లారీ ఏమిట్రా?" అంది అక్క. "మా సందులో ఎదురుగా సైకిలొస్తే మనిషి గోడకు అతుక్కోవాలి. లారీ అల ఎక్కణ్ణించి వచ్చింది?"

"అదే, నాకు నేను చెప్పుకున్నాను."

"చెప్పుకుంటే చెప్పుకున్నావు. కాస్త అతికేది చెప్పుకోవద్దూ?"

ఆవిడ దారం కొరికి, కుట్టిన జేబును మడిచి పక్కన పెట్టింది.

"నాకు తెలుసురా."

"ఏం తెలుసు?"

"నువ్వు తక్కువ రాస్తున్నావని. గీత నా కళ్ళముందే గీస్తావాయె. మూడో ఏడు నీళ్ళు పెడలు మునిగి పైకొచ్చాయి. నువ్వేమో పెడలు కింద గీశావు."

"మరి అడగలేదేం?"

"అడిగితే నిజం రాసేవాడివి. మళ్ళీ ఎవడో ఉత్తరం రాసేవాడు. నీకు ఉద్యోగమొచ్చి పదేళ్ళు, ఇద్దరు పసివాళ్ళు. ఉద్యోగం నీది, ఇటుకలు నావి. ఇటుకలు చౌక."

అరవై ఏళ్ళ మనిషి కదిలే ఇటుక ఉన్న స్టూలు మీదే కూలబడ్డాడు. అక్క లేచి, ఆయన భుజం పట్టుకుని, కాలితోనే ఇటుకను సర్దింది. ఏడేళ్ళప్పుడు బడి బెంచీ మీద కూర్చోబెట్టినప్పుడు పట్టుకున్న పట్టే అది, ఏమీ వదులు కాలేదు.

"ఏడవకు. ఏడుపు చుక్క గుడ్డ మీద పడిందంటే ఉతికి ఇవ్వాలి. రేపటికి ఎన్నున్నాయో తెలుసా?"

తర్వాత ఆవిడ మిషను బల్ల సొరుగు లాగింది. లోపల కొలతల పుస్తకాలు, మిగిలిపోయిన గుడ్డపేలికలతో కట్టిన ఏడు పుస్తకాలు. దర్జీ ఇంట్లో ఉండేవే. పోస్టాఫీసావిడ, భుజం పద్నాలుగు. రొట్టెల కొట్టాయన, నడుం నలభైమూడు, పక్కన బ్రాకెట్లో 'పెరుగుతుంది, గుడ్డ వదలాలి'. వాటి మధ్యలో ఒక ఖాతాదారు ఏటా వస్తోంది. 'వానమ్మ. పొడవు ఇరవై రెండున్నర. వచ్చింది పదకొండు. వెళ్ళింది రెండున్నర.'

"వానమ్మ ఎవరు?"

"నీళ్ళేరా. ఏటా వస్తుంది, కొలత ఇచ్చి పోతుంది, ఒక్క గుడ్డ కుట్టించుకోదు. మొదట్లో తానులు ఎంత ఎత్తున పెట్టాలో గుర్తుండటానికి రాసుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. ఇంటికొచ్చిన ఖాతాదారుకు కొలత తియ్యకుండా ఎలా పంపిస్తాం?"

"దేంతో కొలిచావు?"

"నా మెడలో ఏముంది? మంచం మీద కూర్చుని, టేపు నేలకు దించి. నీలాగా మర్నాడు కాదు, అది ఇంట్లో ఉండగానే."

ఆయన కళ్ళజోడు సర్దుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. ఇరవై రెండున్నర. పంతొమ్మిది ముప్పావు. పద్దెనిమిదింపావు. ఇరవై ఒకటి. అక్క మళ్ళీ మిషను తొక్కుతోంది. లోకంలో ఇంత వాన ఆ చిన్న సొరుగులో పట్టింది.

మర్నాడు ఇంజనీరమ్మ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని అరగంట చూసింది. చూసి, లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఆ కిటికీ లోంచి కనిపించేది ఎదురు గోడే.

"ఇరవైనాలుగేళ్ళు!" అంది అటు తిరిగే. "ఇదేనా మీ అంగుళం? ఒక్క పేజీ తప్పంటే మిగతా ముప్పై పేజీల సంగతేమిటని అడుగుతాడాయన. ఊరి మొత్తానికీ అప్పు ఆగిపోవచ్చు, తెలుసా?"

"తెలుసు మేడమ్."

"సంతకం పెట్టెయ్యండి. నేనీ గుడ్డపేలికల పుస్తకం చూడలేదు. రెండో విడతలో మీ అక్కగారి సందు వస్తుంది కదా."

"రెండో విడత ఎప్పుడు?"

"పదేళ్ళు. పన్నెండు కావచ్చు."

"అక్కకు డెబ్బైరెండు." ఆయన నల్ల పుస్తకం మూశాడు. "అక్క కోసం అడుగుతున్నానని అనుకుంటారేమో…"

ఇంజనీరమ్మ ఇటు తిరిగింది. కోపం పోయి, మొహంలో ఇంకేదో వచ్చింది. "అనుకుంటారు. అనుకోనివ్వండి. అప్పుడే అనుకోనిచ్చి ఉంటే ఈపాటికి ఆ సందులో కాలవ ఉండేదేమో. పదండి, ఆయన దగ్గరికి పోదాం. తిట్లు తినేదేదో ఇద్దరం తిందాం."

పరిశీలకుడు తిట్టలేదు. మొత్తం విని, ఒక పెన్సిలు చెక్కుకుని, రెండు పుస్తకాల్లోంచి అంకెలు రెండు వరసల్లో రాసుకున్నాడు. తర్వాత తనకు తోచిన మూడు వీధులు ఎంచుకుని, ఎవరూ తోడు రావద్దని తనొక్కడే వెళ్ళి గోడల మీద నీలం గీతలు కొలుచుకుని వచ్చాడు. నల్ల పుస్తకంతో పావు అంగుళం తేడా రాలేదు. చివరికి, "ఆ రెండో పుస్తకం రాసినావిణ్ణి చూడాలి," అన్నాడు.

దర్జీ సందులోకి ముగ్గురూ ఒకరి వెనక ఒకరు నడిచారు. మరోలా నడవడానికి అక్కడ చోటు లేదు. అక్క ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఈ కొలతలు మీరే తీశారామ్మా?"

"నేనే బాబూ. మీ చొక్కా ఎవరు కుట్టారు?"

"ఎందుకండీ?"

"ఎడమ చెయ్యి అర అంగుళం పొడుగుంది."

ఆయన నవ్వబోయి, రెండు చేతులూ ముందుకు చాపి చూసుకున్నాడు. ఇంజనీరమ్మ కూడా వంగి చూసింది. అక్క మెడలోంచి టేపు తీసి పెట్టింది. కుడిది ఇరవై మూడు, ఎడమది ఇరవై మూడున్నర.

"పదేళ్ళుగా తొడుక్కుంటున్నాను ఈ చొక్కా," అన్నాడాయన నెమ్మదిగా.

"పదేళ్ళుగా ఎడమ మణికట్టు మడిచి ఉంటారు. గుడ్డ చెబుతోంది, అక్కడ నలిగింది."

పరిశీలకుడు స్టూలు మీద కూర్చుని, మంచం కింద ఇటుకల్ని లెక్కపెట్టాడు. తర్వాత రెండు వరసలున్న కాగితం ఇంజనీరమ్మకిచ్చాడు. "మొదటి రెండేళ్ళు చూడండి. ఉత్తరం రాకముందు. ఆయన అంకె, ఈవిడ అంకె ఒక్కటే. ఒకరు మర్నాడు చెత్త గీత మీద కొలిచారు, ఒకరు నీళ్ళలోనే కొలిచారు. ఇద్దరికీ ఒకరి పుస్తకం ఒకరికి తెలీదు. ఆ తర్వాత నుంచే ఆయనది తగ్గింది. కొలత తప్పలేదు, మనిషి జంకాడు. ఆ ఒక్క పేజీ బదులు ఈవిడ అంకెలు తీసుకుందాం. సగటు పంతొమ్మిదిన్నర." పెన్సిలు చెవి వెనక పెట్టుకుని అన్నాడు, "కానీ డబ్బు పెరగదు. తొమ్మిది వీధులే. ఇది లోపలికొస్తే ఒకటి బయటికి పోవాలి."

బయటికి పోయేది ఏదో అందరికీ తెలుసు. పద్దెనిమిదింపావు దగ్గర వేలాడుతున్న బడి వెనక వీధి. అక్కడ కూడా ఎవరికో ఒక అక్క ఉంటుంది.

"వాళ్ళను తోసేసి నాకెందుకు బాబూ," అంది అక్క. "నాకెలాగూ ఇటుకలున్నాయి."

ఇంజనీరమ్మ ఆ మాట వినలేదు. కొలతల పుస్తకంలో మునిగిపోయి ఉంది. "అవ్వా, ఈ వచ్చింది, వెళ్ళింది అంటే ఏమిటి?"

"ఏముందమ్మా, ఎప్పుడొచ్చింది, ఎప్పుడు వెళ్ళింది. అందరికీ రాసుకునేదే."

"అంగుళం గారూ, మీ పుస్తకంలో ఇది లేదు."

"నేను వెళ్ళేసరికి నీళ్ళు పోయి ఉంటాయి కదా మేడమ్."

ఊరంతా వెక్కిరించిన మాటే. ఇప్పుడు అందులో ఇంకో అర్థమేమీ లేదు, ఉన్నమాటే. ఎంత లోతో ఆయనకు తెలుసు. ఎంతసేపో ఎవరికీ తెలీదు. కంప్యూటరు మాత్రం పది గంటలని ఊహించుకుని అంత లావు గొట్టాలు అడుగుతోంది. అక్క పుస్తకంలో ఇరవయ్యారేళ్ళలో ఏ వానా నాలుగు గంటలకు మించి ఉండలేదు.

"నాలుగు గంటలు నీళ్ళను ఎక్కడైనా కూర్చోబెట్టగలిగితే," ఇంజనీరమ్మ తనలో తనే అనుకుంటున్నట్టుగా అంది, "గొట్టం ఇంత లావు అక్కర్లేదు. బడి ఆటస్థలం ఉందిగా. అడుగున్నర తవ్వి పల్లం చేస్తే నీళ్ళు అక్కడ ఆగి మెల్లగా పోతాయి. ఆ పూట పిల్లలు ఆడుకోరు, అంతే." అప్పటికే సంచిలోంచి కాగితం తీసి, మిషను బల్ల మీద యూనిఫారాలు జరిపి, లెక్క మొదలుపెట్టింది.

ఆ లెక్క తేలడానికి మూడు వారాలు పట్టింది, పరిశీలకుడు ఒప్పుకోవడానికి ఇంకో రెండు. సన్నబడ్డ గొట్టాల్లో మిగిలిన డబ్బుతో పదో వీధిగా దర్జీ సందు కూడా పటం మీద ఎరుపెక్కింది. అంగుళం గారికి ఒక మందలింపు కాగితం వచ్చింది. ఇన్నేళ్ళ నౌకరీలో మొదటిది, చివరిది కూడా. ఆయన దాన్ని దాచలేదు. నల్ల పుస్తకంలో దర్జీ సందు పేజీ మీద జిగురు పెట్టి అతికించాడు, నాలుగు మూలలూ సమంగా కొలిచి.

రెండేళ్ళు పోయాయి. రిటైరయిన మనిషికి వాన పడితే పొలం లేని రైతులా ఉంటుంది, చెయ్యడానికేమీ ఉండదు, కాళ్ళు మాత్రం నిలవవు. ఆ ఏటి మొదటి పెద్ద వాన మధ్యాహ్నం మూడింటికి పట్టింది. ఆయన మర్నాటి దాకా ఆగలేదు. గొడుగేసుకుని వానలోనే బయల్దేరాడు. దారిలో ఆటస్థలం దగ్గర నిలబడ్డాడు. గోల్‌పోస్టులు రెండూ మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, చినుకులు పడుతుంటే ఒకదాన్నొకటి చూసుకుంటున్నాయి. నీళ్ళు ఇంజనీరమ్మ చెప్పినంత బుద్ధిగా అక్కడే కూర్చున్నాయి.

అక్క ఇంట్లో మిషను నేల మీద ఉంది. కింద ఇటుకల్లేవు. మంచం మాత్రం ఇంకా ఎత్తునే ఉంది.

"దానికెందుకు తియ్యలేదు?"

"మీ గొట్టాన్ని ఇంకో రెండు వానలు చూస్తాను. కొత్తకోడలు మొదటి నెల బాగానే ఉంటుంది."

గుమ్మం దగ్గర గచ్చు మీద పల్చటి నీళ్ళు నిలబడి ఉన్నాయి. వచ్చీ రానట్టు, లోపలికి రమ్మంటారేమోనని చూస్తున్నట్టు. ఇద్దరూ అక్కడ గొంతుక్కూర్చున్నారు. ఇద్దరి మోకాళ్ళూ ఒకేసారి చప్పుడు చేశాయి. అక్క టేపు దించింది.

"అంగుళం," అంది. "రాసుకో."

"అంగుళం కాదక్కా. ఒకటింపావు."

"పోనీలేరా, పాపం కొత్త కాలవ. పావు అంగుళానికి దాని పేరు చెడగొట్టడమెందుకు?"

"ఒకటింపావు ఉంటే ఒకటింపావే రాయాలి."

అక్క ఆయన మొహంలోకి చూసింది. చూసి, లేచి, సొరుగు లాగి, ఎనిమిదో పుస్తకం తీసి, పెన్సిలు మొన నాలుకకు తడుపుకుంది. వానమ్మ. పొడవు ఒకటింపావు. వచ్చింది మూడు పది.

"వెళ్ళింది?" అని అడిగాడు తమ్ముడు.

"ఇంకా వెళ్ళలేదుగా. కూర్చో. ఇన్నేళ్ళూ అది పోయాక వచ్చేవాడివి. ఇవాళ ఇద్దరం కలిసి సాగనంపుదాం."

స్టవ్ మీద టీ పెట్టింది. ఆయన గుమ్మానికి ఎదురుగా స్టూలు వేసుకుని, పెన్సిలు పట్టుకుని, గోడ గడియారం వైపొకసారి, గచ్చు వైపొకసారి చూస్తూ కూర్చున్నాడు.